రోమక మార్గమును, ఊరిపేళ్లును : వాట్లింగ్ వీథి పరిశీలనము

ఆంగ్లమున వీథికి “స్ట్రీట్” అని పేరు. ఈ పదము మన కళాశాలలలో ఎల్లరకును తెలిసినదే. కాని సంస్కృతము చదివినవాడు దీనికడ క్షణకాలము ఆగుటకు కారణము కలదు. ఇది ఆంగ్లేయుల సొంత పదము కాదు. లాటిను భాషలో “స్ట్రాతా” యనగా పఱచబడినది. “వియా స్ట్రాతా” యనగా రాళ్లు పఱచిన త్రోవ. ఆ భాషలో పఱచుట యను అర్థముగల “స్టెర్నెరె” క్రియకు మన స్తృఞ్ ధాతువు సోదరము. వేదిపై దర్భలు పఱచుటను చెప్పునపుడు వాడు స్తీర్ణ శబ్దమును, ప్రస్తరము, ఆస్తరణము, విస్తరము మొదలగునవియు ఈ కుటుంబములోనివే. భోజనమునకు వేసికొను మన విస్తరియు ఈ వంశమున పుట్టినదే. జర్మానిక జాతులవారు సముద్రము దాటి బ్రిటనుకు రాకమునుపే ఈ మాటను రోమకుల నుండి గ్రహించిరి. ఇటలీవారి “స్ట్రాదా”, జర్మనుల “ష్ట్రాసె” దీని రూపాంతరములు. అరబ్బీలోని “సిరాత్” కూడ గ్రీకు, అరమేయ భాషల మీదుగా వచ్చిన ఈ పదమే యని విద్వాంసులు నిర్ణయించియున్నారు. ఒక రాజ్యము నశించి పదునైదు శతాబ్దములైనను, అది వేసిన బాటకు పెట్టిన పేరు ఇన్ని భాషలలో బ్రతికియున్నది.

బ్రిటనులోని వాట్లింగ్ వీథి యను రోమక మార్గమును తీసికొని, దాని వెంటనున్న ఊరిపేళ్లు ఎట్లు పుట్టినవి, ఆ పేళ్లను సాక్ష్యముగా గొని మరుగుపడిన మార్గమును కనుగొనుట ఎంతవరకు యుక్తము అను విషయములను ఇందు విచారింపదలచితిని. పరదేశపు బాటతో సంస్కృతాంధ్ర పండితులకు పని యేమి యని శంకింపవచ్చును. ఆ బాట వెంటనున్న ప్రాచీన నామములు కెల్టిక భాషలోనివి. కెల్టికము సంస్కృతమునకు దాయాది. ఇది యొక కారణము. వ్యుత్పత్తి చెప్పుటలో మనకున్న వేగము, పాతరూపమును వెదకుటలో లేదు. ఇది రెండవది, ముఖ్యమైనది. ఈ లోపమునకు ఔషధము ఆ దేశపు నామశాస్త్రమున కొంత దొరకును, మన పాణిని యొద్ద మఱికొంత దొరకును.

మొదట మార్గస్వరూపము. క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి కాలమున రోమక సేనలు బ్రిటనులో దిగినవి. ఆగ్నేయ తీరమున నున్న రుతూపియై, దుబ్రిస్ అను రేవుల నుండి బయలుదేరిన త్రోవలు నేటి కాంటర్బరీ యొద్ద కలిసి, లండనును చేరి, అచ్చటినుండి వాయవ్యదిశగా వేల్సు సరిహద్దు దగ్గరనున్న విరోకొనియుం అను నగరమునకు పోవును. దీనినే వాట్లింగ్ వీథి యందురు. లండనులోని మార్బుల్ ఆర్చి యొద్ద మొదలై గిరిగీచినట్లు తిన్నగా సాగు ఎడ్జ్‌వేర్ రోడ్డు ఈ మార్గభాగమే. ఆ నగరమున నివసించు తెలుగువారిలో పలువురు దానిమీద నడచియుందురు. అది సుమారు రెండువేల యేండ్ల నాటి బాట యని ఎందరికి తోచునో! 19వ శతాబ్దారంభమున థామస్ టెల్ఫర్డ్ అను శిల్పి హోలీహెడ్ రేవునకు రహదారి వేసినపుడు ఈ పురాతన మార్గమునే చాల దూరము అనుసరించెను. నేటి ఏ-5 రహదారి పెక్కుచోట్ల దీనిపైననే పోవుచున్నది.

రోమకుల మార్గమును నేలపై గుర్తించు లక్షణములు కొన్ని కలవు. ఇరుప్రక్కల కాలువలు త్రవ్వి, ఆ మట్టిని నడుమ పోసి ఎత్తుచేసిన కట్ట మొదటిది. దూరపు గుట్టలను గుఱిగా నుంచుకొని తిన్నగా పోవుట, వంపు రావలసినచోట ఎత్తైన స్థలమున తిరుగుట రెండవది. బాట పాడుపడినను గ్రామముల పొలిమేరలు చాలచోట్ల దానినే అనుసరించుట మూడవది. లీస్టర్, వార్విక్ మండలముల నడుమ సరిహద్దు నేటికిని కొంతదూరము వాట్లింగ్ వీథియే. ఐవన్ మార్గరీ అను పరిశోధకుడు బ్రిటనులోని రోమక మార్గములను శ్రమించి సంకలనము చేసి 1955లోను, అటుపిమ్మటను ప్రకటించెను. అతడు మార్గములకు సంఖ్యలిచ్చెను, అందు ఒకటవ సంఖ్య వాట్లింగ్ వీథిదే. 

నేల తరువాత గ్రంథము. ఆంటొనైన్ ప్రయాణపట్టిక యని ప్రసిద్ధమైన లాటిను గ్రంథము ఒకటి కలదు. క్రీస్తు శకము మూడవ శతాబ్దమున ఈ రూపమునకు వచ్చినదని ఎంచబడుచున్నది. ఇందు వర్ణనలేమియు లేవు. ఊరిపేరు, దాని ప్రక్కన పూర్వపు ఊరినుండి మైళ్ల సంఖ్య, అంతే. బ్రిటనుకు సంబంధించినవి 15 ప్రయాణములు. వానిలో రెండవది ఉత్తరపు సరిహద్దు గోడ నుండి రుతూపియై రేవు వఱకు 481 మైళ్లని శీర్షికలో చెప్పి, తరువాత మజిలీలను వరుసగా నిచ్చుచున్నది. వాట్లింగ్ వీథి ఇందు చాలభాగము వచ్చినది. రోమక మైలనగా వేయి జంట అడుగులు. సుమారు 1480 మీటర్లు. వెరులామియుం నుండి సుల్లోనియాకిస్ 9, అచ్చటినుండి లొందీనియుం 12, వెరసి 21 మైళ్లు. అనగా 31 కిలోమీటర్లు. నేటి సెయింట్ ఆల్బన్స్ నుండి లండనుకు కొలిచినచో ఈ లెక్క చక్కగా సరిపోవుచున్నది.

అన్నియెడల ఇంత సుఖముగా కుదరదు. రోమక సంఖ్యలు అక్షరములు. లేఖకుడు ఒక గీత తప్పించిన మైలు పోవును, ఒక అడ్డు గీత తప్పించిన పది మైళ్లు పోవును. కొన్ని ప్రయాణములలో శీర్షికనున్న మొత్తమునకును మజిలీల కూడికకును పొత్తు కుదరదు. తాళపత్రములతో పనిచేసినవారికి ఇది వింత కాదు. పేళ్లయందును లేఖకదోషము లుండును. లెతోకేతుం అను ఊరు పట్టికలో “ఎతోకేతో” అని యున్నది, మొదటి లకారము జాఱిపోయినది. అది లకారాది యని ఎట్లు తెలిసెను? వేల్సు భాషలో నిలిచిన రూపము వలనను, ఆంగ్లేయుల నోట మాఱిన రూపము వలనను తెలిసెను. గ్రంథపాఠమును ప్రజల నోటిమాట దిద్దుట ఇచ్చట మనము గమనింపవలసిన విషయము.

ఈ లెతోకేతుం కథ కొంచెము విస్తరించి చెప్పదగినది. “లెతో” యనగా ధూసరము, నెరసినది. “కేతో” యనగా అడవి. బూడిదవన్నె అడవి యని పేరు. వేల్సు భాషలో నేటికిని “ల్లుయిద్” అనగా బూడిదవన్నె, “కోయిద్” అనగా అడవి. మన పలిత శబ్దము, నెరసిన వెండ్రుకలకు వాడునది, ఈ “లెతో” వచ్చిన మూలమునుండియే వచ్చినది. పలితములోని పకారము కెల్టికమున ఏమైనదని అడుగవచ్చును. ఆ కుటుంబమున పదాదియందలి పకారము లోపించుట నియతము. మన పితృ శబ్దము లాటినులో “పాతెర్”, ప్రాచీన ఐరిషులో “అథిర్”; మన పూర్ణ శబ్దము ఐరిషులో “లాన్”. లోపము యాదృచ్ఛికమైనచో దానిని నమ్మరాదు. సార్వత్రికమైనచో అదియే సూత్రము. పలితమునకును లెతోకును చుట్టఱికము ధ్వనిసామ్యము వలన కాదు, ఈ నియమము వలన సిద్ధించుచున్నది.

రోమకులు వెడలిపోయిన తరువాత ఈ పేరు బ్రిటనుల నోట “లుయిత్‌గెద్” వంటి రూపము పొంది, ఆంగ్లేయుల చెవినిబడినది. వారు దానికి తమ “ఫెల్డ్” శబ్దమును, అనగా బయలు అను పదమును, చేర్చిరి. 731లో చరిత్ర ముగించిన బీడ్ అను సన్న్యాసి దానిని “లిక్కిద్‌ఫెల్త్” అని వ్రాసెను. అదియే నేటి లిచ్‌ఫీల్డ్. తొమ్మిదవ శతాబ్దపు “హిస్తోరియా బ్రిత్తోనుం” అను గ్రంథమున బ్రిటను నగరముల పట్టికలో “కైర్ లుయిత్ కోయిత్” అను పేరు కనబడుచున్నది. పట్టికలోని ఎతోకేతో మొదలు లిచ్‌ఫీల్డ్ వఱకు గొలుసులో కడియములు ఒకదానితో నొకటి తగులుకొనియున్నవి.

అయితే ప్రాచీన ఆంగ్లమున “లీచ్” అనగా శరీరము, శవము అను అర్థము కలదు. మధ్యయుగమున ఎవ్వరో లిచ్‌ఫీల్డ్ అనగా శవముల బయలు అని నిర్వచించిరి. నిర్వచనము పుట్టగానే దానికి కథ కావలసివచ్చినది. దయోక్లేతియన్ చక్రవర్తి కాలమున వేయిమంది క్రైస్తవులు అచ్చట వధింపబడిరని కథ పుట్టెను. కథ పుట్టిన పిమ్మట అది నగరముద్రికపైకి ఎక్కెను. హతులైన వారి దేహములు దానిపై చిత్రింపబడినవి. ఒక దుష్టవ్యుత్పత్తి వేయి ప్రాణములను తీసిన దన్నమాట! చరిత్రలో అట్టి వధ యేదియు అచ్చట జరిగినట్లు ఆధారము లేదు. ఉన్నదొక నెరసిన అడవి మాత్రమే.

ఇట్టివి మనకును కలవు. కృష్ణాతీరమందలి ఘంటసాల పేరును ఘంటాశాల యని విడదీసి గంటలుండిన శాల యనుట ఎంత సులభము! కాని నాగార్జునకొండ శాసనమున ఆ స్థలము “కంటకసెల” యని కలదు, క్రీ.శ. 150 ప్రాంతమున తోలెమీ యను గ్రీకు భూగోళజ్ఞుడు “కొంటకోస్సుల” యను వర్తకస్థానమును పేర్కొనెను. సెల యనగా ప్రాకృతమున శైలము. కంటకశైలమే గాని గంటలశాల కాదు. ఇంకొక విశేషము. తోలెమీ గ్రంథములోనే లొందీనియోన్, ఉయిరోకోనియోన్ అను బ్రిటను నగరములును కలవు. వాట్లింగ్ వీథియందలి నగరములును, మన కృష్ణాముఖద్వారమందలి రేవును ఒకే పుస్తకమున, ఒకే లేఖకుని చేతిలో నమోదైనవి. రెండింటికిని పరీక్షా పద్ధతి ఒక్కటియే కావలెను.

ఆ పద్ధతికి పాణిని యొద్దకు పోవుదము. సిద్ధాంతకౌముది చదువు దినములలో చాతురర్థిక ప్రకరణమును త్వరగా దాటించుట పలు పాఠశాలలలో వాడుక. పరీక్షలలో ప్రశ్నలు తక్కువ కదా! కాని స్థలనామములకు సంబంధించి ఇంతకంటె ప్రాచీనమైన, ఇంతకంటె నిగ్రహముగల శాస్త్రవాక్యములు ఏ భాషలోనైనను ఉన్నవని నేననుకొనను. నాలుగవ అధ్యాయము రెండవ పాదమున 67 నుండి 70 వఱకు గల సూత్రములలో దేశనామములకు నాలుగే హేతువులు చెప్పబడినవి. ఒక వస్తువు ఆ స్థలమున ఉండుట. ఒకనిచే అది నిర్మింపబడుట. ఒక జనమునకు అది నివాసమగుట. ఒకదానికి అది దూరము కాకుండుట. ఉదుంబరవృక్షములు గలది ఔదుంబరము, కుశాంబుడు కట్టినది కౌశాంబి, శిబుల నివాసము శైబము, విదిశకు దగ్గరిది వైదిశము.

వాట్లింగ్ వీథి వెంట ఈ నాలుగింటిని పెట్టి చూడుడు. దుబ్రిస్ అనగా నీళ్లు. వేల్సు భాషలో “దువ్ర్” నీరే. అదే నేటి డోవర్, అచ్చటి యేటికి డౌర్ అని పేరు. ఇది మొదటి హేతువు. కాంటర్బరీ పూర్వనామము దురోవెర్నుం. “వెర్నో” యనగా చిత్తడి నేలల పెరుగు ఒక జాతి వృక్షము. ఇదియు ఔదుంబరము వంటిదే. కాని ఆంగ్లేయులు ఆ పేరును విడిచి “కాంత్‌వారబుర్హ్”, అనగా కెంట్ జనుల కోట అనిరి; ఇపుడది నివాసార్థము. ఒకే ఊరు ఒక హేతువు నుండి ఇంకొక హేతువునకు మాఱినది. ఇచ్చట “దురో” యనగా కోట, ప్రాకారముగల ఊరు. దీనిని మన ద్వార శబ్దముతో సంబంధించినదిగా కొందరు చెప్పుదురు. లాటిను “ఫోరుం” కూడ ఆ మూలముదే యని వారి మతము. నాకది యుక్తముగనే తోచుచున్నది.

నిర్మాణహేతువునకు వచ్చునపుడు జాగ్రత్త కావలెను. మెడ్వే నది దాటుచోటనున్న రోచెస్టర్ నగరమునకు రోమకనామము దురోబ్రివై; వంతెనల యొద్ది కోట యని అర్థము. “బ్రివా” అనగా వంతెన. ఆంగ్లేయులు దీనిని “హ్రోఫెస్‌చెయాస్తర్” అనిరి. బీడ్ తన గ్రంథమున, పూర్వము హ్రోఫ్ అను నాయకుడొకడు అచ్చట నుండెననియు, అతని పేర ఆ ఊరు ఏర్పడెననియు వ్రాసెను. అచ్చముగా కౌశాంబీన్యాయము. కాని ఆధునిక నామశాస్త్రజ్ఞుల నిర్ణయము వేఱు. దురోబ్రివై యందు ఉదాత్తము రో అను అక్షరముపై నుండుటచే ముందున్న భాగము నలిగిపోయి, మిగిలిన “రోబ్రి” వంటి ధ్వని ఆంగ్లేయుల నోట హ్రోఫ్ అయినది. దానికి తగిన నాయకుని తరువాత పుట్టించిరి. బీడ్ అబద్ధమాడెనని నేననను. ఆయన కాలమున జనులు చెప్పినదే ఆయన వ్రాసెను. కాని బీడ్ వంటి సత్యనిష్ఠునికే వ్యుత్పత్తి విషయమున ఈ గతి పట్టినపుడు, స్థలపురాణకర్తలను గూర్చి చెప్పవలసినదేమున్నది?

చివర నున్న “చెస్టర్” లాటిను “కాస్త్రా”, సేనాశిబిరము. దీనిని కోయుట యను అర్థముగల ధాతువు నుండి సాధించి, మన శస్ ధాతువుతోను శస్త్ర శబ్దముతోను బంధుత్వము చెప్పు మతము కలదు. వేఱుచేసి కోసిన భూభాగము అని భావము. విరోకొనియుం లోని “విరో”కు మన వీరశబ్దముతోడి సంబంధమును అట్లే ఒక మతముగా చెప్పవచ్చును. ఆ పేరే ప్రక్కనున్న రెకిన్ అను కొండయందును, రాక్సెటర్ అను గ్రామమునందును నేటికిని వినబడుచున్నది. మందుయెస్సెదుం విషయమున సందేహము తక్కువ. “మందు” అనగా చిన్న గుఱ్ఱము. “ఎస్సెదుం” అనగా రథము, లోపల కూర్చుండునది యని అవయవార్థము. మన సద్ ధాతువే అందున్నది, ఆసనముగల వాహనము. సీజరు తన యుద్ధచరిత్రలో బ్రిటనుల రథయోధులను వర్ణించియున్నాడు. ఆ ఊరు నేడు మాన్‌సెటర్. 60 లేక 61లో బౌదిక్కా రాణి రోమకులపై తిరుగబడి ఓడిపోయిన యుద్ధభూమి ఇదియేనని కొందరి ఊహ. తాసితుస్ ఆ స్థలమును వర్ణించెను గాని పేరు చెప్పలేదు.

నాలుగవ హేతువు, అదూరభవత్వము, పరిశోధకునకు మిక్కిలి ప్రమాదకరమైనది, మిక్కిలి ఉపయోగకరమైనదియును. పెన్నోక్రుకియుం అనగా శిరోభాగమందలి దిబ్బ, లేక ప్రధానమైన దిబ్బ. “పెన్” తల, “క్రుగ్” దిబ్బ యని వేల్సు భాషలో నేటికిని అర్థము. దీని వారసుడు పెంక్‌రిడ్జ్ అను ఊరు. కాని పెంక్‌రిడ్జ్ మార్గముపైన లేదు, సుమారు రెండు మైళ్లు ఉత్తరమున నున్నది. రోమకుల మజిలీ మార్గముపైననే, స్ట్రెటన్ అను గ్రామము దగ్గర బయల్పడినది. లెతోకేతుం సంగతియు నంతే. పేరు లిచ్‌ఫీల్డ్‌కు పోయినది, శిథిలములు రెండు మైళ్ల దూరమున మార్గముపై నున్నవి. అచ్చట స్నానశాల, బసగృహముల పునాదులు నేటికిని చూడవచ్చును. ఆ శిథిలముల కారణముననే ఆ గ్రామమునకు “వాల్”, అనగా గోడ, అని పేరు వచ్చినది. పేరు మార్గమును విడిచి నడచిపోయిన చోట పేరునుబట్టి మార్గము గీచినచో రెండు మైళ్లు తప్పును. ఇంకొక వింత. పెంక్‌రిడ్జ్ ప్రక్కన పాఱు యేటికి పెంక్ అని పేరు. ఏటివలన ఊరికి పేరు వచ్చినదని ఎవ్వరైనను అనుకొందురు. నిజమునకు ఊరిపేరు తునకచేసి యేటికి పెట్టిరి.

ఆంగ్లేయులు తామే పెట్టిన పేళ్లలో మార్గసాక్ష్యము మఱింత స్పష్టము. స్ట్రాట్‌ఫర్డ్ అనగా పఱచిన బాట ఏటిని దాటు రేవు. స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్, ఫెన్నీ స్ట్రాట్‌ఫర్డ్ రెండును వాట్లింగ్ వీథిపై నున్నవి. షేక్స్పియర్ జన్మస్థానమగు స్ట్రాట్‌ఫర్డ్ వేఱొక రోమక మార్గముపైనిది. స్ట్రెటన్ అనగా బాటప్రక్కనున్న పల్లె. ఒక ప్రాంతమున ఇట్టి పేళ్లు తిన్నని రేఖపై మూడు నాలుగు కనబడినచో, కట్ట కనబడకున్నను త్రవ్వి చూచుట న్యాయమే.

అయితే రోచెస్టర్‌కు ఎదుటి గట్టున, వాట్లింగ్ వీథిపైననే, స్ట్రూడ్ అను ఊరున్నది. ఇదియు స్ట్రీట్ శబ్దభవమే యని ఉత్సాహవంతు డనును. కాదు. ప్రాచీన ఆంగ్లమున “స్ట్రోద్” అనగా పొదలు పెరిగిన బురదనేల. ఊరు మార్గముపై నుండుట సత్యము, పేరు మార్గమువలన వచ్చుట అసత్యము. తర్కమున దీనిని అన్యథాసిద్ధి యందుము. ఇట్లే “కోల్డ్ హార్బర్” అను పేళ్లు రోమక మార్గమునకు తప్పని గుర్తులని పూర్వులు నమ్మిరి. చల్లని విడిది యని దాని అర్థము. బాటసారుల పాడు సత్రములని ఊహ. పాతపత్రములు వెదకి చూడగా ఆ పేళ్లలో చాలభాగము రోమకుల తరువాత వేయి యేండ్లకు పైబడి పుట్టినవని తేలినది. 1923లో స్థాపితమైన ఆంగ్ల స్థలనామ పరిషత్తు మండలము వెంట మండలముగా ప్రతి ఊరికిని లిఖితరూపములను సంవత్సరములతో ఏర్చి కూర్చుటచే ఇట్టి భ్రమలు పెక్కు తొలగినవి. ఎక్‌వాల్ నిఘంటువు 1936లో, కెన్నెత్ జాక్సన్ భాషాచరిత్ర 1953లో, రివెట్, స్మిత్ అనువారల రోమక బ్రిటను స్థలనామ గ్రంథము 1979లో వెలువడినవి. ఈ మూడింటిని ప్రక్కన నుంచుకొనక ఈ విషయమున నోరు మెదపరాదు.

వాట్లింగ్ అను పేరు ఎచ్చటిది? ఇది రోమకులు పెట్టినది కాదు. బీడ్ వెరులామియుం నగరమునకు ఆంగ్లేయులు “వెక్లింగకెస్తిర్” అనియు వాడుదురని చెప్పెను. వెక్లింగులనగా వెక్ల యనువాని జనము. “ఇంగ్” అనునది అపత్యార్థకము. గర్గునకు గార్గ్యుడు, దక్షునకు దాక్షి యైనట్లు. నగరమున నున్న జనము పేరు నగరమునకు, నగరమునకు పోవు బాటకు క్రమముగా సంక్రమించినది. తరువాత ఆ బాటముక్క పేరు సముద్రతీరము నుండి వేల్సు సరిహద్దు వఱకు వ్యాపించినది. ఉత్తరదేశమున సంబంధములేని ఇతర రోమక మార్గములకును ఈ పేరు ప్రాకినది. తొమ్మిదవ శతాబ్దాంతమున ఆల్ఫ్రెడ్ రాజును డేనుల నాయకుడగు గుత్రుమును చేసికొనిన సంధిపత్రమున సరిహద్దు థేమ్సు నది మీదుగా, లీ నది మీదుగా, బెడ్‌ఫర్డ్ మీదుగా పోయి ఔస్ నది వెంట “వెట్లింగ్ వీథి” వఱకు పోవునని యున్నది. ఆ జనమేమైనదో, నగరము పేరే సెయింట్ ఆల్బన్స్‌గా మాఱినది. బాటపై మాత్రము వెక్లుని సంతతి నిలిచినది.

ఇట్టిదానినే పాణిని మొదటి అధ్యాయము రెండవ పాదమున 54, 55 సూత్రములలో విచారించెను. పంచాలులు నివసించుటచే పంచాలదేశమందురా? అవయవార్థమే ప్రమాణమైనచో ఆ జనము లేనపుడు ఆ పేరును పోవలెను గదా, పోవుటలేదే యని ఆయన యుక్తి. పేరు పుట్టుటకు యోగము కారణము కావచ్చును, నిలుచుటకు రూఢియే కారణము. యాస్కుడు అక్షరసామ్యమునైనను పట్టుకొని నిర్వచింపవలెననియు, నిర్వచింపక మానరాదనియు చెప్పెను. అది వేదార్థమునకు కావలసిన ధైర్యము. దానిని తెచ్చి ఊరిపేళ్లపై ప్రయోగించుటయే మనలో పెక్కు అనర్థములకు మూలము.

అంతకంటె ఘోరమైనది బుద్ధిపూర్వకమగు కల్పన. కోపెన్‌హేగెన్ నగరమున నుండిన చార్లెస్ బెర్ట్రం అను ఆంగ్లేయుడు 1747లో విలియం స్టూక్లీ అను ప్రాచీనవస్తుజ్ఞునితో ఉత్తరప్రత్యుత్తరములు ప్రారంభించి, రిచర్డ్ అను మధ్యయుగ సన్న్యాసి వ్రాసినదని ఒక బ్రిటను వర్ణనగ్రంథమును ప్రస్తావించి, 1757లో అచ్చొత్తించెను. అందు క్రొత్త ప్రయాణములు, క్రొత్త ఊళ్లు, ఒక పటము. విద్వాంసులు నూఱేండ్లకు పైగా దానిని ప్రమాణముగా గ్రహించిరి. విలియం రాయ్ యను సేనాని మరణానంతరము 1793లో వెలువడిన ఉద్గ్రంథమున కొంతభాగము దీనిపై ఆధారపడి చెడినది. లాటిను భాషాశైలిని పట్టి పరీక్షించి 1860 దశకమున అది కూటగ్రంథమని తేల్చిరి. మూలప్రతి నెవ్వరును కన్నులజూడలేదు; బెర్ట్రం పంపిన ఒక పుట ప్రతికృతియే వారిని నమ్మించెను. రాజశాసనములను కల్పించువానికి మనువు వధదండన విధించెను. బెర్ట్రమునకు దండనయేమియు కలుగలేదు. బ్రతికినంతకాలము గౌరవమే కలిగెను.

తుదకు ఒక తేలని విషయమును చెప్పెదను. వాట్లింగ్ వీథియు, ఫాస్ వే యను వేఱొక మార్గమును ఖండించుకొను వెనోనిస్ నుండి 17 మైళ్ల దూరమున బన్నవెంత యను మజిలీ కలదు. నార్తాంప్టన్ మండలమున విల్టన్ లాడ్జ్ అనుచోట దాని ఉనికి స్థిరపడినది. ఊరి పేరు లోకమున పూర్తిగా మాసిపోయినది, వారసనామము లేదు. అయిదవ శతాబ్దమున ఐర్లాండునకు క్రైస్తవమును తీసికొనిపోయిన పాట్రిక్ తన ఆత్మకథలో తండ్రికి “బన్నవెం తబుర్నియై” యను ఊరి దగ్గర చిన్న పల్లెటిల్లు ఉండెననియు, తన పదునాఱవ యేట సముద్రపు దొంగలు అచ్చటినుండియే తన్ను పట్టుకొనిపోయిరనియు వ్రాసెను. పేరు కలిసినదని కొందరు దానిని ఈ బన్నవెంతగా చెప్పిరి. కాని ఇది దేశమధ్యమున నున్నది, ఐరిషు సముద్రమునకు చాలదూరము. లేఖకులు పదచ్ఛేదము తప్పి వ్రాసిరని, “బన్నవెంత బెర్నియై” యని విడదీయవలెనని మఱికొందరు చెప్పుదురు. అపుడది ఉత్తరపు గోడ దగ్గర బన్నా యను దుర్గప్రాంతమున పడును, సముద్రమునకు సమీపమునను ఉండును. ఒక తకారము ఏ పదమునకు చెందవలెనను దానిపై ఒక మహాపురుషుని జన్మభూమి ఆధారపడియున్నది. విద్వాంసులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు.